మనోవ్యాధికి మందు లేదా?

మనోవ్యాధికి మందు లేదను సామెతను తెలుగు మాటలాడువారిలో విననివారుండరు. సామెతలు పెద్దల యనుభవమునుండి పుట్టినవని చెప్పుదుము, అది నిజమే. కాని యనుభవము కాలముతో మాఱును, సామెత మాత్రము మాఱక నాలుకమీద నిలిచిపోవును. మశూచికమును అమ్మవారి యాగ్రహమని యెంచి వేపమండలు కట్టిన దేశముననే 1977వ సంవత్సరమున ఆ వ్యాధి పూర్తిగా తొలగిపోయినదని ప్రకటింపబడినది. మనోవ్యాధినిగూర్చిన సామెత యే కాలమున నిజమైయుండెను, ఎప్పటినుండి నిజము కాకపోయెను, నిజము కాకపోయిన పిమ్మటను మన యిండ్లలో నేల నిలిచియున్నది అను మూడు ప్రశ్నలకు చరిత్రము కొంత సమాధానము చెప్పగలదు. ఆ సమాధానమును చదువరులకు విన్నవించుటయే మా యుద్దేశము.

ముందుగా మనోవ్యాధి యనగా నేమో నిర్ణయించుకొందము. బట్టలు చించుకొని వీధులవెంట తిరుగు ఉన్మాదమును గూర్చి మేమిచట వ్రాయుటలేదు. ప్రొద్దుననే లేచి, కచేరికి పోయి, పని నెఱవేర్చుకొని, యింటికి వచ్చి, నలుగురితో మాటలాడుచునే, లోలోపల నేదో కీడు మూడనున్నదని దినమెల్ల వణకుచుండువారు కలరు. వారికి రాత్రి నిద్ర రాదు. వచ్చినను మూడవ జామున గుండెదడతో మెలకువ వచ్చును. అఱచేతులు చెమర్చును, నోరెండును, ఊపిరి చాలనట్లు తోచును, ఈ క్షణముననే ప్రాణము పోవునేమో యని భయము కలుగును. వైద్యుడు పరీక్షించి గుండె బాగుగనే యున్నదని చెప్పును. ఇంటివారు ఊరక ఆలోచింపకుమందురు. పెద్దలు దేవునిపై భారము వేయుమందురు. తాను ఆలోచనను పట్టుకొనలేదని, ఆలోచనయే తన్ను పట్టుకొని విడుచుటలేదని చెప్పుటకు రోగికి మాటలు దొఱకవు. గుండెదడ, గాబరా, దిగులు, హడలు అని మనవారు వేఱువేఱు పేర్లతో చెప్పుకొను దీనిని నేటి వైద్యులు ఆందోళన రుగ్మత యందురు. దీనితో బాధపడువాడు వెఱ్ఱివాడు కాడు, ఆరోగ్యవంతుడును గాడు. వైద్యమునకై యితడు త్రొక్కవలసిన గడప యేది? మేము చెప్పబోవు చరిత్రమంతయు ఆ గడపను గూర్చినదే.

మన ప్రాచీనులు ఈ బాధ నెఱుగనివారు కారు. కురుక్షేత్రమున అర్జునునకు అవయవములు పట్టుదప్పుట, నోరెండుట, ఒడలు వణకుట, చేతినుండి విల్లు జాఱుట, మనస్సు గిఱ్ఱున తిరుగుట మొదలగు వికారములు కలిగినట్లు భగవద్గీత మొదటి యధ్యాయము వరుసగా చెప్పుచున్నది. చరకసంహిత శరీరమునకు వాతపిత్తకఫములు దోషములైనట్లే మనస్సునకు రజస్తమస్సులు దోషములని చెప్పి, చికిత్సను మూడు తెఱగులుగా విభజించినది. మంత్రహోమాదులచేత చేయునది దైవవ్యపాశ్రయము. ఆహారౌషధములచేత చేయునది యుక్తివ్యపాశ్రయము. మనస్సును దానికి హితము గాని విషయములనుండి మరల్చి నిలుపునది సత్త్వావజయము. ఈ మూడవదానిని ప్రత్యేకమైన చికిత్సగా నెంచుట సామాన్యమైన విషయము కాదు. అయినను గర్వించి యచటనే యాగిపోరాదు. ఉన్మాదరోగిని కట్టివేయుటయు బెదరించుటయు ఆ గ్రంథముననే చికిత్సలుగా చెప్పబడియున్నవి. సత్త్వావజయము గ్రంథములలో నుండిపోయెను. గ్రామములలో రోగికి దొఱకినవాడు భూతవైద్యుడు. కోడలికి హడలు పుట్టిన దయ్యము పట్టినదనిరి, వేపమండలతో కొట్టిరి, తాయెత్తు కట్టిరి. అట్టి కాలమున మందు లేదనుట యబద్ధము గాదు.

ఇంగ్లీషువారి యేలుబడిలో క్రొత్త గడప యొకటి వెలసినది. 18వ శతాబ్దము ముగియకమునుపే కలకత్తా, మదరాసు, బొంబాయి పట్టణములందు పిచ్చివారి శాలలు పుట్టెను. 1858వ సంవత్సరమున, అనగా కంపెనీ ప్రభుత్వము పోయి రాణి ప్రభుత్వము వచ్చిన యేడాదియే, 36వ చట్టము వచ్చినది. దాని ప్రకారము దిక్కులేక తిరుగాడు పిచ్చివానిని గాని, ప్రమాదకారి యని తోచినవానిని గాని పోలీసువారు పట్టి మేజిస్ట్రేటు నెదుట నిలుపుదురు. వైద్యుని పత్రమును చూచి మేజిస్ట్రేటు ఉత్తరువిచ్చును. ఆ యుత్తరువుతో రోగి గోడలలోపలికి పోవును. శాలలపై పెత్తనము 20వ శతాబ్దము మొదటిదాక చెఱసాలల తనిఖీ యధికారిదై యుండెను. 1912వ సంవత్సరపు 4వ చట్టము కొంత సంస్కరణము చేసినది. ఇద్దఱు సందర్శకుల యనుమతితో రోగి తనంతట తాను వచ్చి చేరుటకు గూడ అందు వీలు కల్పింపబడినది. కాని పోలీసులు తెచ్చి విడుచు చోటికి తన కాళ్లతో నడచి పోవువాడెవ్వడు? 1946వ సంవత్సరమున భోర్ సంఘము తన నివేదికను ప్రకటించునాటికి ఇంచుమించు నలువది కోట్ల ప్రజలుగల దేశమున మానసిక వైద్యశాలలలో నున్న పడకలు సుమారు 10,000. అనగా 40,000 మందికి ఒక్కటి. అదే కాలమున ఇంగ్లాండునందు 300 మందికొక పడక యుండెను.

ఇచట చదువరు లొక్క సంగతిని గమనింపవలెను. ఆ చట్టము మనుష్యునిగూర్చి యడిగిన ప్రశ్న "ఇతడు బాధపడుచున్నాడా?" యని కాదు, "ఇతనివలన నితరులకు బాధ గలదా?" యని. దిగులుతో కుములువానివలన నెవరికిని బాధ లేదు గనుక వానికి చోటును లేదు. మఱియు ఆ గడప త్రొక్కినవాడు పిచ్చివాడని ముద్ర పడుటచేత ఊళ్ల పేర్లే తిట్లయ్యెను. కోస్తా జిల్లాలలో విశాఖపట్టణము పంపవలెననియు, తెలంగాణమున ఎఱ్ఱగడ్డకు పంపవలెననియు పరిహాసమాడుట నేటికిని కలదు. ఎఱ్ఱగడ్డ వైద్యశాల పూర్వము జాల్నాలో నుండి, 1953లో హైదరాబాదునకు వచ్చినది. అప్పటినుండి ఎన్ని వేలమందికి అచట స్వస్థత చేకూఱినను పరిహాసము మాత్రము పోలేదు. మానసిక వైద్యుడనగానే మన యిండ్లలో పుట్టు జంకునకు ఇదియే మూలమని మేము తలంచుచున్నాము. ఆ జంకు రోగలక్షణము కాదు, శాస్త్రవిధియు కాదు. పోలీసును, మేజిస్ట్రేటును, ఎత్తైన గోడను చూచి మన తాతలు భయపడిరి. వారి భయమునకు కారణముండెను.

ఇక గోడలు లేని గడప యెట్లు పుట్టినదో చూతము. 1869లో జార్జి బియర్డు అను అమెరికా వైద్యుడు అలసట, నిద్రలేమి, భయము మొదలగు లక్షణములను గూర్చి నరముల బలహీనత యని యొక రోగమును వర్ణించెను. నేటికిని మనవారు "నరాల బలహీనత" యని చెప్పుకొనుటలో ఆ భావపు ఛాయ కానవచ్చును. అమెరికా అంతర్యుద్ధమున పనిచేసిన డాకోస్టా యను వైద్యుడు, గుండెలో లోపము కానరాకయే గుండెదడతో బాధపడు సైనికులనుగూర్చి 1871లో వ్రాసెను. 1895లో వియన్నా నగరవాసియైన ఫ్రాయిడు ఆ నరముల బలహీనతనుండి ఆందోళన రోగమును వేఱుచేసి దానికి ప్రత్యేక నామ మొసంగెను. పేరు పెట్టుట చిన్నపని గాదు. పేరు లేని బాధను దయ్యమని గాని, దొంగవేషమని గాని లోకము చెప్పుకొనును.

దొంగవేషమను మాటను మొదటి ప్రపంచయుద్ధము పూర్తిగా పరీక్షించినది. శౌర్యమునకు పతకములు పొందిన వీరులే ఫిరంగి గుండ్ల నడుమ వణకు పుట్టి, మాట పడిపోయి, నిద్రలో కేకలు వేయుచు ఆసుపత్రులకు వచ్చిరి. దీనికి షెల్ షాక్ అను పేరు వ్యాపించెను. ఎడింబరో చేరువనున్న క్రెయిగ్‌లాక్‌హార్ట్ వైద్యశాలలో 1916, 1917 సంవత్సరములందు ఇట్టివారికి చికిత్స చేసినవారిలో డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ యొకడు. ఇతడు మన దేశమునకు పరిచితుడే. నీలగిరి కొండలకు వచ్చి, తోడజాతివారి నడుమ నుండి, వారి యాచారములనుగూర్చి 1906లో పెద్ద గ్రంథము ప్రకటించిన పండితుడు. భయంకరమైన జ్ఞాపకములను మఱచిపొండని నాడు రోగులకు చెప్పు వాడుక యుండెను. రివర్స్ దానిని త్రోసిపుచ్చి, ఆ జ్ఞాపకములను బలాత్కారముగా నణచుటయే వ్యాధిని నిలుపుచున్నదని గ్రహించి, వానిని నెమ్మదిగా చెప్పించి, యెదుర్కొనుటకు రోగిని సిద్ధపఱచెను. ఊరక ఆలోచింపకుమని మన యింటివారు చేయు హితబోధ యేల పనిచేయదో ఇందువలన తెలియగలదు.

యుద్ధము నేర్పిన పాఠమువలన ఇంగ్లాండున గడపలు మాఱెను. 1920లో లండనున టావిస్టాక్ క్లినిక్ పుట్టినది. రోగి వచ్చి, మాటలాడి, యింటికి పోవుటయే అచటి పద్ధతి. 1923లో సామాన్యజనులకు తెఱవబడిన మాడ్‌స్లీ వైద్యశాల రోగము ముదరకమునుపే తమంతట వచ్చువారికై యేర్పడినది. 1930లో చట్టమే మాఱి, న్యాయాధికారి ఉత్తరువు లేకయే రోగి చేరుటకు వీలు గలిగెను. ఈ నడుమనే, 1924లో, మేరీ కవర్ జోన్స్ అను అమెరికా విద్యావతి మూడేండ్ల ప్రాయపు బాలునకుగల కుందేటి భయమును పోగొట్టిన రీతిని ప్రకటించెను. బాలుడు ఇష్టమైన పదార్థమును తినుచుండగా కుందేటిని గదిలో దూరముగా నుంచిరి. దినదినమును కొంచెము కొంచెము చేరువకు తెచ్చిరి. తుదకు బాలుడు కుందేటితో నాడుకొనెను. భయపడువానిని తిట్టరాదు, భయపడు వస్తువునుండి శాశ్వతముగా దాచియు నుంచరాదు, సైపగలిగినంత మేరకు మెట్టుమెట్టుగా దానికి చేరువ చేయవలెను అను సూత్రము ఇందు గలదు. 1958లో జోసెఫ్ వోల్పే దీనిని పెద్దలకు తగిన చికిత్సగా పెంపొందించెను. తరువాత ఆరన్ బెక్ మొదలగువారు భయమును పెంచు తలంపులను రోగిచేతనే పరీక్షింపజేసి సరిదిద్దు పద్ధతిని దీనికి చేర్చిరి. ఆందోళనకు నేడు లోకమంతట వాడుకలోనున్న సంభాషణ చికిత్సకు ఇవియే మూలములు.

మన దేశము ఈ విషయమున చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు అను వైద్యుడు 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. ఫ్రాయిడుతో చాలకాలము లేఖలు నడపి, తనకు సరిపడని విషయములను నిర్భయముగా వాదించెను. ఆయన 1933లో కార్మైకేల్ వైద్యకళాశాలకు చెందిన సాధారణాసుపత్రిలో మనోరోగులకు బయటి రోగుల విభాగము నొకదానిని తెఱచెను. జ్వరముతో వచ్చినవాడు, గాయముతో వచ్చినవాడు, దిగులుతో వచ్చినవాడు ఒకే వాకిట ప్రవేశించుట మన దేశమున నచటనే మొదలైనదని చెప్పుదురు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1950 దశకమున అమృతసరమున విద్యాసాగర్ అను వైద్యుడు మానసిక వైద్యశాల యావరణలో గుడారములు వేయించి, రోగితో గూడ కుటుంబమువారిని నిలిపెను. రోగిని కనిపెట్టుచు, వైద్యుని మాటలు వినుచు, తమవాడు బాగుపడుట కన్నులార చూచి యింటికి పోయినవారు రోగమునుగూర్చిన భయమును గూడ అచటనే విడిచి పోయిరి. 1954లో బెంగుళూరున అఖిల భారత మానసికారోగ్య సంస్థ యేర్పడి వైద్యులను, మనస్తత్త్వజ్ఞులను తయారుచేయ నారంభించినది. 1974లో అది నిమ్‌హాన్స్ అయినది.

ఔషధముల చరిత్రము ఆశను, హెచ్చరికను రెండింటిని నేర్పుచున్నది. బ్రోమైడు లవణములు, 20వ శతాబ్దారంభమున వచ్చిన బార్బిట్యురేటులు నిద్రపుచ్చెడివి గాని ప్రమాదకరములై యుండెను. 1955లో మెప్రోబమేటు, 1960లో స్టెర్న్‌బాక్ కనుగొన్న లిబ్రియము, 1963లో వాలియము వచ్చినవి. ఒక్క బిళ్ళతో గుండెదడ నెమ్మదించుట చూచి జనులు వేలంవెఱ్ఱిగా కొనిరి. కొన్నేండ్లకుగాని వానికి శరీరము అలవాటుపడుననియు, హఠాత్తుగా మానిన బాధ ఇనుమడించుననియు లోకమునకు బాగుగా తెలియలేదు. నేటికిని ఆ జాతి బిళ్ళలను వైద్యులు వాడుదురు. కాని కొలది దినములకు మాత్రమే. దీర్ఘకాల చికిత్సకు 1980 దశకము చివరనుండి వ్యాపించిన వేఱొక జాతి మందులను వాడుచున్నారు. ఇవి ఒక్క దినమున గుణము చూపవు; గుణము కానవచ్చుటకు కొన్ని వారములు పట్టును. ఈ సంగతి యెఱుగక పదిదినములలోనే విసిగి మానివేసి, మందు పనిచేయలేదనువారు చాలమంది కలరు. మందుల దుకాణమున అడిగి నిద్రబిళ్ళలు కొనుట చికిత్స కాదు.

చట్టమును మాఱినది. 1912 నాటి చట్టమునకు బదులు 1987లో వేఱొక చట్టము చేయబడెను. 2001లో తమిళనాటి యేర్వాడిలో నొక ప్రార్థనాస్థలము చెంత గొలుసులతో కట్టబడియున్న మనోరోగులు అగ్నిప్రమాదమున పాఱిపోలేక 28 మంది మరణించిరి. కట్టివేయుట చికిత్స యని తలంచిన కాలము పోలేదని దేశము సిగ్గుపడినది. 2017లో వచ్చి మఱుసటి యేట అమలైన మానసికారోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించి, ప్రభుత్వ సంస్థలలో చికిత్స పొందుట ప్రతివాని హక్కనియు, రోగి సంగతులను గోప్యముగా నుంచవలెననియు, బీమా విషయమున శరీరరోగమునకును మనోరోగమునకును భేదము చూపరాదనియు శాసించినది. 1858 చట్టము సంఘమును రోగినుండి కాపాడుటకు పుట్టగా, 2017 చట్టము రోగి హక్కును కాపాడుటకు పుట్టినది. ఈ మార్పునకు నూటయేబదియేండ్లకు పైగా పట్టినది.

ఇంత జరిగినను ఫలితమేమి? 2015-16లో నిమ్‌హాన్స్ వారు 12 రాష్ట్రములలో చేసిన సర్వేక్షణమునుబట్టి ఆందోళన, విషాదము మొదలగు సామాన్య మనోరుగ్మతలతో బాధపడువారిలో నూటికి 85 మందికి చికిత్స యందుటలేదు. వైద్యులు చాలకపోవుట యొక కారణమే. కాని వైద్యుడు వీధి చివరనే యున్న పట్టణములలో గూడ రోగి యిల్లు కదలకుండుట మనము చూచుచున్నాము. ఈ వ్యాధి పురుషులకన్న స్త్రీలకు ఇంచుమించు రెట్టింపుగా కలుగును. వారినే మన కుటుంబములు హెచ్చుగా దాచును. పెండ్లికావలసిన పిల్లను మానసిక వైద్యునికడకు తీసికొనిపోయిన సంబంధములు చెడునని తల్లిదండ్రులు వెఱతురు. పెండ్లియైన తరువాత అత్తవారేమందురో యని పిల్ల వెఱచును. ఈ రీతిగా కొన్ని నెలలలో నెమ్మదింపదగిన వ్యాధి పదియేండ్లు పెరుగును. పాఠశాలలోను మేము దీనిని చూచుచుందుము. పరీక్షాదినమున కడుపునొప్పి యనియు, తల తిరుగుననియు ఇంటనే నిలిచిపోవు పిల్లవానిని సోమరి యందురు. అట్టివానిలో కుందేటికి భయపడిన బాలుడున్నాడేమో యని యడుగువారు తక్కువ.

కావున గడప యెట్లు త్రొక్కవలెనో చెప్పి ముగింతుము. మొదట ఇంటికి అలవాటైన సామాన్యవైద్యునికే సర్వము చెప్పవలెను. థైరాయిడు గ్రంథి వికారము, రక్తహీనత, గుండె లయలో మార్పు, కాఫీ మితిమీఱుట, మద్యము అను కారణములచేత గూడ దడ పుట్టవచ్చును. వానిని ముందుగా పరీక్షింపవలెను. అవి కానప్పుడు మానసిక వైద్యుని, అనగా సైకియాట్రిస్టును చూడవలెను. ఇతడు వైద్యవిద్య చదివి పిమ్మట మనోరోగములలో ప్రత్యేక శిక్షణ పొందినవాడు, మందు వ్రాయుట కధికారము గలవాడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు వ్రాయడు. సంభాషణ చికిత్స చేయును. ఇతని పేరు భారత పునర్వాస మండలి పట్టికలో నున్నదా యని యడిగి తెలిసికొనుట తప్పు కాదు. కౌన్సెలరను పలకను ఎవరైనను కట్టుకొనవచ్చును గనుక ఎచట చదివిరి, ఎంతకాలము శిక్షణ పొందిరి అని విచారింపవలెను. మందు, సంభాషణ యను రెండు మార్గములలో నేది తగునో, రెండును గావలెనో వైద్యునితో గలసి నిర్ణయించుకొనవలెను. ఎన్ని దినములకు గుణము కనబడును, ఏమి వికారములు కలుగవచ్చును, ఎప్పుడు ఎట్లు మానవలెను అను మూడు ప్రశ్నలను మొదటినాడే యడుగవలెను. ఒక వైద్యునితో మనస్సు కలియనిచో మఱియొకని చూచుట నేరము కాదు. చికిత్సనే మానుట నష్టము.

ధనము లేనివారికి ప్రభుత్వ వైద్యకళాశాలల యాసుపత్రులలో మానసిక వైద్య విభాగములు గలవు. విశాఖపట్టణము, ఎఱ్ఱగడ్డ వైద్యశాలలలో బయటి రోగులను చూచి మందులిచ్చి పంపుదురు. గడప త్రొక్కిన ప్రతివానిని లోపల నుంచుకొనరు. ఇల్లు కదలలేనివారు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. టెలి మానస్ అను పేరుతో 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము నెలకొల్పిన యీ యేర్పాటులో తెలుగుననే మాటలాడవచ్చును, వెల లేదు. ప్రాణము తీసికొనవలెనను తలంపు రోగి నోట వెలువడినయెడల మఱునాటి వఱకు ఆగక, అతని నొంటరిగా విడువక, అప్పటికప్పుడే సమీపమున నున్న యాసుపత్రికి తీసికొనిపోవలెను.

దేవాలయమునకు పోవలదనిగాని, పెద్దల యోదార్పు పనికిరాదనిగాని మేము చెప్పుటలేదు. విఱిగిన యెముకకు కట్టు కట్టించుకొనినవాడు గూడ దేవునికి మ్రొక్కును; మ్రొక్కి కట్టు విప్పివేయడు. మనోవ్యాధి విషయమునను అట్లే నడచుకొందము. ఇంటిలో నెవరైన నిద్రలేక దిగులుపడుచున్నప్పుడు ఏమి యాలోచించుచున్నావని గద్దించుటకు బదులు, ఎన్నాళ్లనుండి యిట్లున్నది, రేపు వైద్యునికడకు నేనును వత్తును అని చెప్పువాడొక్కడు చాలును. ఆ సామెతను మన పిల్లలు బడిలో చదివినప్పుడు, అది ఆసుపత్రికి పోలీసులు తోడు వచ్చిన నాటి మాట యని గూడ వారికి చెప్పుదము.